గోడౌన్ల నిండా బియ్యం ఉంటే కంచంలోకి ఎందుకు రాలేదు? 2020 లాక్‌డౌన్ లెక్కలు

ఈ రోజు కొంచెం పాత విషయం మాట్లాడుకుందాం. 2020 లాక్‌డౌన్.

ఆ మాట వినగానే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి గుర్తొచ్చేది డాల్గోనా కాఫీ, వర్క్ ఫ్రం హోం, దూరదర్శన్‌లో మళ్ళీ వేసిన రామాయణం. జీతం ఒకటో తారీఖున పడింది, బియ్యం బస్తా ఇంటికొచ్చింది. బిగ్ బాస్కెట్‌లో స్లాట్ దొరకట్లేదు అనేదే మా పెద్ద కష్టం. కానీ అదే టైంలో, అదే ఊళ్ళో, మనం ఉంటున్న బిల్డింగ్ కట్టిన మేస్త్రీ ఇంట్లో ఏం జరిగింది? ఈ ఎపిసోడ్ దాని గురించి.

ముందు ఒక్క నంబర్ చెప్తాను, మిగతా టాక్ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మన ఎఫ్‌సీఐ గోడౌన్లలో ఏటా ఏప్రిల్ 1 నాటికి కనీసం ఇంత ధాన్యం ఉండాలి అని ఒక నియమం ఉంది. అది సుమారు 210 లక్షల టన్నులు. 2020 ఏప్రిల్ 1న బియ్యం, గోధుమలు కలిపి చూస్తే దానికి రెండింతల కంటే ఎక్కువే ఉంది. దేశంలో తిండికి కొరత లేదు. ఆ యాసంగిలో తెలంగాణలో వరి కూడా బ్రహ్మాండంగా పండింది. మరి జనం ఎందుకు పస్తులున్నారు?

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. 1943 బెంగాల్ కరువు మీద అమర్త్య సేన్ 1981లో ఒక పుస్తకం రాశారు, 'పావర్టీ అండ్ ఫెమిన్స్' అని. ఆయన చెప్పింది ఏంటంటే, ఆ ఏడాది బెంగాల్‌లో తిండి మరీ లేకుండా పోలేదు, దాన్ని కొనుక్కునే శక్తి కొన్ని వర్గాలకి పోయింది. వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు, చేతివృత్తుల వాళ్ళు. ఈ లిస్టు కొంచెం గుర్తుపెట్టుకోండి, 2020లో కూడా దాదాపు ఇదే లిస్టు కనిపిస్తుంది. అయితే 1943కీ 2020కీ పోలిక అంతవరకే. అక్కడ లక్షల మంది చనిపోయారు. ఇక్కడ రేషన్ వ్యవస్థ ఉంది, అది చాలా మందిని నిలబెట్టింది. అది ఎక్కడిదాకా నిలబెట్టింది, ఎక్కడ చెయ్యి వదిలేసింది అన్నదే మనం చూడాలి.

ఒక ఇంటి లెక్క వేద్దాం. ఇది నేను ఉదాహరణకి వేసుకున్న లెక్క, సర్వే కాదు. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఒక రేకుల గది. భర్త అడ్డా కూలీ. పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడితే రోజుకి 600, నెలకి 20 రోజులు పని దొరికితే 12 వేలు. భార్య రెండిళ్ళల్లో పని చేస్తుంది, 4 వేలు. మొత్తం 16 వేలు. ఇద్దరు పిల్లలు. ఖర్చులు చూడండి. అద్దె 4 వేలు. కిరాణా, కూరగాయలు, పాలు 6,500. గ్యాస్ 800. ఫైనాన్స్ కిస్తీ 2 వేలు. ఊళ్ళో అమ్మానాన్నలకి 2 వేలు. మిగిలేది 700 రూపాయలు. అది కూడా ఎవరికీ జ్వరం రాకపోతే.

మార్చి 24 రాత్రి 8 గంటలకి ప్రధాని టీవీలో కనిపించారు. అర్ధరాత్రి నుంచి 21 రోజులు అంతా బంద్ అన్నారు. నాలుగు గంటల టైం. మేస్త్రీ పని ఆగిపోయింది. ఇంటి పనికి వెళ్ళే ఆమెని అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆపేశారు. రెండిళ్ళల్లో ఒక ఇంటి వాళ్ళు జీతం ఇచ్చారు అనుకుందాం, 2 వేలు. అంటే 16 వేలు కాస్తా 2 వేలు అయింది. ఇలా ఒక్కింట్లో కాదు. సీఎంఐఈ అంచనా ప్రకారం ఒక్క 2020 ఏప్రిల్‌లోనే దేశంలో 12 కోట్లకు పైగా ఉపాధులు పోయాయి, అందులో 9 కోట్ల మందికి పైగా చిరు వ్యాపారులు, కూలీలే.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ ఇంట్లో డబ్బు తగ్గింది. ఏ ఖర్చు తగ్గించుకుంటారు? మనం అనుకుంటాం, తిండి అన్నింటికంటే ముఖ్యం కదా, దాన్ని చివర్లో తగ్గిస్తారని. నిజానికి రివర్స్. అద్దె అడగడానికి ఓనర్ వస్తాడు. కిస్తీ అడగడానికి ఫైనాన్స్ అతను వస్తాడు. ఊళ్ళో నాన్న మందులకి ఫోన్ చేస్తాడు. పప్పు ఎందుకు తగ్గింది అని తలుపు కొట్టి అడిగేవాడు ఎవడూ లేడు. గుడ్డు మానేస్తే నోటీసు రాదు. అడిగేవాడు లేని ఖర్చు తిండి ఒక్కటే. అందుకే మిగతా అన్ని దెబ్బలూ తిరిగి తిరిగి వచ్చి దాని మీదే పడతాయి.

దీనికి ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదా అంటే, చేశాయి. అద్దెలు మూడు నెలలు అడగొద్దని తెలంగాణ ప్రభుత్వం ఏప్రిల్‌లో చెప్పింది. బ్యాంకు లోన్ల కిస్తీలకి ఆర్‌బీఐ మార్చి 27న మూడు నెలల మారటోరియం ఇచ్చింది. నాలాంటి వాళ్ళకి మెయిల్ వచ్చింది, 'మీకు మారటోరియం కావాలా' అని. గిరిగిరి వడ్డీ వాడి దగ్గర తీసుకున్నోళ్ళకి ఏ మెయిల్ వస్తుంది? అద్దె సంగతి కూడా అంతే. 'అడగొద్దు' అన్నారు కానీ మాఫీ అనలేదు. మూడు నెలల తర్వాత ఆ 12 వేలు ఎవరు కడతారు? రేపు కట్టాల్సింది కనిపిస్తూ ఉంటే ఈ రోజు కడుపు నిండా తినబుద్ధి కాదు. చేతిలో ఉన్న 2 వేలని దాచుకుంటారు. అంటే డబ్బు పూర్తిగా అయిపోకముందే తినడం తగ్గుతుంది.

ఇక్కడ కిరాణా కొట్టు గురించి చెప్పాలి, ఎందుకంటే సర్వేల్లో ఇది సరిగ్గా కనపడదు. మా బాబాయ్‌కి మిర్యాలగూడలో చిన్న కిరాణా షాపు ఉంది. మీకు తెలుసు కదా, అది రైస్ మిల్లుల ఊరు. హమాలీలు, మిల్లు డ్రైవర్లు, ఆటోవాళ్ళు, వీళ్ళే ఆయన గిరాకీ. సగానికి పైగా ఖాతా మీదే నడుస్తుంది. వారం సరుకు తీసుకెళ్తారు, కూలి డబ్బులు రాగానే కట్టేస్తారు. ఎర్ర అట్ట పుస్తకం, పేజీకి ఒక పేరు. అది నిజానికి పేదోళ్ళ క్రెడిట్ కార్డు. వడ్డీ లేదు, సిబిల్ స్కోర్ లేదు, ముఖం తెలిస్తే చాలు.

లాక్‌డౌన్‌లో ఆ పుస్తకానికి ఏమైంది? మొదటి రెండు వారాలు బాబాయ్ ఎప్పటిలాగే రాసుకుంటూ పోయాడు. మూడో వారానికి హోల్‌సేల్ వాడు 'క్యాష్ ఇస్తేనే సరుకు' అన్నాడు. వాడి తప్పు కూడా లేదు, వాడికి పైనుంచి లారీలు సరిగ్గా రావట్లేదు, వచ్చిన లారీకి ముందే డబ్బు కట్టాలి. దాంతో బాబాయ్ ఖాతాలో కొత్త పద్దు రాయడం ఆపేశాడు. ఆయన నాతో ఫోన్‌లో అన్న మాట ఇది: 'వాళ్ళు దొంగలు కాదురా, డబ్బులొస్తే కడతారు. కానీ వాళ్ళకి డబ్బులు ఎప్పుడొస్తాయో వాళ్ళకే తెల్వదు, నేనేమని రాసుకోవాలె?'

చూడండి, మా భాషలో దీన్ని క్యాస్కేడింగ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక సర్వర్ పడిపోతే దాని మీద ఆధారపడ్డ సర్వర్లు వరసగా పడిపోతాయి. ఇక్కడ కూలి ఆగింది, దానితో ఖాతా ఆగింది, ఖాతా ఆగేసరికి నూనె ప్యాకెట్ ఆగింది. మామూలు రోజుల్లో ఒకింట్లో కష్టం వస్తే పక్కింటోళ్ళు ఓ వెయ్యి సర్దుతారు, చుట్టం ఎవరో ఆదుకుంటారు. మహమ్మారి స్పెషాలిటీ ఏంటంటే అందరికీ ఒకే వారంలో కష్టం వస్తుంది. అప్పు అడగాల్సినవాడు, అప్పు ఇవ్వాల్సినవాడు ఇద్దరూ ఒకే అడ్డా మీద నిలబడే మనుషులు. పేదవాడి ఇన్సూరెన్స్ వాడి చుట్టాలే. ఆ ఇన్సూరెన్స్ కంపెనీ మొత్తం ఒక్కసారే దివాలా తీసింది.

సరే, 'ఆకలి' అని మనం ఒక్క మాటలో అంటాం కానీ దాన్ని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాళ్ళు ఎనిమిది ప్రశ్నలు అడుగుతారు. అన్నీ 'డబ్బు లేకపోవడం వల్ల' అనే షరతుతోనే. తిండి సరిపోదేమో అని దిగులుపడ్డారా? ఆరోగ్యానికి మంచిదైన తిండి తినలేకపోయారా? రెండు మూడు రకాలతోనే సరిపెట్టుకున్నారా? ఒక పూట మానేశారా? తినాల్సిన దానికంటే తక్కువ తిన్నారా? ఇంట్లో తినడానికి ఏమీ లేకుండా అయిపోయిందా? ఆకలేసినా తినలేదా? రోజంతా తినకుండా ఉన్నారా? మెట్లలాగా ఉంటాయి ఇవి. మొదటి మెట్టు దిగులు, చివరి మెట్టు రోజంతా పస్తు. మనం టీవీలో చూసింది చివరి మెట్టు మీద ఉన్నవాళ్ళని. మొదటి మూడు మెట్ల మీద ఉన్న కోట్ల ఇళ్ళు కెమెరాకి కనపడవు, ఎందుకంటే వాళ్ళింట్లో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. పొయ్యి మీద ఏముందనేదే తేడా.

అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ వాళ్ళు 2020 ఏప్రిల్, మే నెలల్లో 12 రాష్ట్రాల్లో దాదాపు 5 వేల మందితో ఫోన్ సర్వే చేశారు. మూడింట రెండొంతుల మంది పని పోయిందన్నారు. పది ఇళ్ళల్లో దాదాపు ఎనిమిది ఇళ్ళు ముందుకంటే తక్కువ తింటున్నామని చెప్పాయి. ఫోన్ సర్వే కాబట్టి ఫోనే లేనివాళ్ళు ఇందులో లేరు, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు రేషన్ దగ్గరికి వద్దాం. మార్చి 26న కేంద్రం గరీబ్ కల్యాణ్ అన్న యోజన ప్రకటించింది. మామూలు రేషన్‌కి అదనంగా మనిషికి నెలకి 5 కిలోలు ఫ్రీ, ఇంటికి కిలో పప్పు. 80 కోట్ల మందికి. తెలంగాణలో తెల్ల కార్డు ఉంటే మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు. ఆంధ్రాలో ఉచిత బియ్యం, కిలో కందిపప్పు, వెయ్యి రూపాయలు, అది వలంటీర్లు ఇంటికెళ్ళి ఇచ్చారు. ఇవి చిన్న విషయాలు కావు. మన లెక్కలోని నలుగురి ఇంటికి 12 చొప్పున 48 కిలోలు. నెలంతా తిన్నా మిగుల్తుంది. బియ్యం విషయంలో రెండు తెలుగు రాష్ట్రాలూ చాలా రాష్ట్రాలకంటే మెరుగ్గానే చేశాయి, ఇది ఒప్పుకోవాలి.

కానీ ఇదంతా ఒక 'ఇఫ్ కండిషన్' లోపల ఉంది. ఇఫ్ కార్డు ఉంటే. ఎల్స్ అంటే ఏంటో ఎవరూ రాయలేదు.

కార్డు ఎవరికి ఉంటుంది? 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం పల్లెల్లో 75 శాతం, పట్నాల్లో 50 శాతం వరకు జనానికి రేషన్ ఇవ్వాలి. సగటున దేశ జనాభాలో మూడింట రెండొంతులు. మరి జనాభా ఎంత? ఇక్కడే బగ్. లెక్క 2011 జనగణన మీద వేశారు. 121 కోట్లలో 67 శాతం అంటే 81 కోట్లు. ఆ నంబర్‌ని అలా ఫ్రీజ్ చేసేశారు. 2020కి జనాభా సుమారు 137 కోట్లు. అందులో 67 శాతం ఎంత? దాదాపు 92 కోట్లు. మీరే కాలిక్యులేటర్ తీసి చూసుకోండి, 10 కోట్లకు పైగా మనుషులు చట్టం ప్రకారం లోపల ఉండాల్సినవాళ్ళు బయట ఉన్నారు. జాన్ డ్రెజ్, రీతికా ఖేరా లాంటి ఆర్థికవేత్తలు 2020 ఏప్రిల్‌లోనే ఈ లెక్క ముందు పెట్టారు.

వీళ్ళు ఎవరు? 2011 తర్వాత పెళ్ళయి వేరు కాపురం పెట్టినవాళ్ళు. 2011 తర్వాత పుట్టిన పిల్లలు. అంటే లాక్‌డౌన్ నాటికి తొమ్మిదేళ్ళలోపు పిల్లలు, సరిగ్గా తిండి ఎక్కువ అవసరమైన వయసు. ఎన్నో ఇళ్ళల్లో కార్డు మీద నలుగురు, ఇంట్లో ఆరుగురు. తెలంగాణ తన సొంత ఖర్చుతో కేంద్రం కోటా కంటే చాలా ఎక్కువ మందికి ఇస్తోంది, అది నిజం. అయినా కొత్త కార్డుల కోసం, పేర్లు ఎక్కించడం కోసం జనం మీసేవ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు.

ఇక రెండో కండిషన్, అడ్రస్. మన మేస్త్రీ మహబూబ్‌నగర్ మనిషైతే ఇబ్బంది తక్కువ, రాష్ట్రంలో ఎక్కడైనా రేషన్ తీసుకోవచ్చు. శ్రీకాకుళం మనిషైనా పర్లేదు, తెలంగాణకీ ఆంధ్రాకీ మధ్య పోర్టబిలిటీ 2019 ఆగస్టులోనే మొదలైంది, దేశంలో మొదటి రెండు జతల్లో మనదొకటి. అదే మనిషి బీహార్ వాడైతే? 2020 ఏప్రిల్‌లో బీహార్ ఇంకా ఆ సిస్టమ్‌లోకి రాలేదు. ఛత్తీస్‌గఢ్ అయితే 2022 దాకా రాలేదు. పైగా చాలా మందికి కార్డు ఊళ్ళో అమ్మ దగ్గరే ఉంటుంది, ఇంటిల్లిపాదికీ ఒకటే కార్డు. ఇక్కడ వాడు ఎంత తీసుకుంటే అక్కడ వాళ్ళకి అంత తగ్గుతుంది.

కార్డు లేని వలస కూలీలకి తెలంగాణ మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. మంచి నిర్ణయం. కానీ ఎవరు ఎక్కడ ఉన్నారో లిస్టు ఉండాలి కదా. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది, కాంట్రాక్టర్ తన కూలీలని రిజిస్టర్ చెయ్యాలి. నలభై ఏళ్ళు ఆ రిజిస్టర్ సరిగ్గా రాసి ఉంటే 2020లో ఆ డేటా చేతిలో ఉండేది. లేని డేటాబేస్ మీద క్వెరీ ఎలా రన్ చేస్తాం?

కష్టంలో ఉండి ఫోన్ చేసిన కూలీలకి సాయం చేసిన 'స్వాన్' అనే వలంటీర్ల గ్రూపు ఏప్రిల్ మధ్యలో ఒక రిపోర్టు ఇచ్చింది. 11 వేల పైచిలుకు కూలీలు. వాళ్ళలో 96 శాతం మందికి అప్పటికి ప్రభుత్వం నుంచి రేషన్ అందలేదు. 89 శాతం మందికి లాక్‌డౌన్ రోజులకి యజమాని జీతం ఇవ్వలేదు. ఇది అందరు వలస కూలీల సగటు కాదు, సాయం కావాలని ఫోన్ చేసినవాళ్ళ లెక్క. అయినా, పదకొండు వేల మంది.

ఏప్రిల్‌లో ములుగు జిల్లాలో మిర్చి ఏరడానికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు, పని ఆగిపోవడంతో అడవి దారిలో నడిచి బీజాపూర్ జిల్లాకి బయల్దేరారు. వాళ్ళలో 12 ఏళ్ళ పాప ఉంది. మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంక కొన్ని కిలోమీటర్లే ఉందనగా చనిపోయింది. దీని మీద నేను ఎక్కువ మాట్లాడను. ఒక్కటే అడుగుతాను. 12 ఏళ్ళ పిల్ల కూలికి ఎందుకొచ్చింది? ఆ ఇంటి తిండి కష్టం కరోనాతో మొదలవలేదు. కరోనా వచ్చేనాటికే ఆ ఇంట్లో తిండికి పిల్ల కూలి కూడా కావాల్సి వచ్చింది.

మనవాళ్ళు బయట ఇరుక్కున్న కథ కూడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా గుజరాత్‌లోని వెరావల్‌లో చిక్కుకుపోయారు. చాలా మంది బోట్లలోనే ఉన్నారు. ఏప్రిల్ ఆఖర్లో బస్సులు పెట్టి ఇంటికి తెచ్చారు. ఇందాక సేన్ లిస్టు చెప్పాను కదా, అందులో మత్స్యకారులు ఎందుకున్నారో ఇప్పుడు అర్థమవుతుంది. చేప అమ్మితేనే వాళ్ళకి బియ్యం. మార్కెట్ మూసేస్తే సముద్రంలో ఎన్ని చేపలుండి ఏం లాభం.

ఇంకో రెండు రైళ్ళ సంగతి. ఏప్రిల్ 29న సంగారెడ్డి దగ్గర కందిలో, ఐఐటీ క్యాంపస్ కడుతున్న కూలీలు జీతాలివ్వండి, ఊరికి పంపండి అని రోడ్డెక్కారు. మే 1న దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి వెళ్ళింది, 1,200 మందితో. సరిగ్గా వారం తర్వాత, మే 8న, బీహార్‌లోని ఖగడియా నుంచి ఒక రైలు అదే లింగంపల్లికి వచ్చింది. అందులో రెండు వందల మందికి పైగా కూలీలు. ఎందుకొచ్చారు? మన రైస్ మిల్లుల్లో హమాలీ పనికి. స్టేషన్‌లో మంత్రులు పూలిచ్చి స్వాగతం చెప్పారు. మన వడ్లు బియ్యం అవ్వాలంటే బీహార్ హమాలీ కావాలి. ఆ బియ్యం తీసుకోవడానికి మాత్రం ఆ ఏప్రిల్ దాకా అతని కార్డు ఇక్కడ చెల్లలేదు. మా బాబాయ్ ఖాతా పుస్తకంలో అలాంటి పేర్లు చాలా ఉంటాయి.

సరే, కార్డుంది, అడ్రసుంది, బియ్యం వచ్చాయి. అన్నం ఒక్కటే తింటామా? 48 కిలోల బియ్యం ఉన్న ఇంట్లో కూడా ఆ ఎనిమిది ప్రశ్నల్లో మూడోదానికి 'అవును' అనే జవాబే వస్తుంది. కారం మెతుకులు, చింతపండు పులుసు, మళ్ళీ కారం మెతుకులు. నూనె కొనాలి, ఉల్లిగడ్డ కొనాలి, పాలు కొనాలి. ఉజ్వల కనెక్షన్ ఉన్నవాళ్ళకి మూడు సిలిండర్లు ఫ్రీగా ఇచ్చారు, జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకి నెలకి 500 చొప్పున మూడు నెలలు వేశారు. 500ని 30తో భాగిస్తే రోజుకి 16 రూపాయల చిల్లర. మా ఏరియాలో అర లీటరు పాల ప్యాకెట్ కూడా రాదు.

ఇదే టైంలో పొలాల దగ్గర సీన్ చూడండి. అనంతపురం బత్తాయి, అరటి రైతులు కొనేవాళ్ళు లేక పంటని తోటలోనే వదిలేశారు. కోడి సంగతైతే ఇంకా విచిత్రం. చికెన్ తింటే కరోనా వస్తుందని ఫిబ్రవరిలో వాట్సాప్‌లో పుకారు పుట్టింది, ధర పాతాళానికి పడిపోయింది. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో కేటీఆర్, ఇంకొందరు మంత్రులు స్టేజీ మీద చికెన్ తిని చూపించారు, మీకు గుర్తుండే ఉంటుంది. చేతిలో డబ్బున్న నెలలో భయపడి తినలేదు. భయం పోయి ధర పెరిగేనాటికి చేతిలో డబ్బు లేదు. పండ్లు తోటల్లో కుళ్ళుతున్నాయి, పట్నంలో పిల్లలు పచ్చడి మెతుకులు తింటున్నారు. మధ్యలో ఉండాల్సినవి రెండే, లారీ, కూలి డబ్బులు.

స్కూళ్ళు మూసేశారు. చదువు పోయింది అని అందరం బాధపడ్డాం, కానీ దేశంలో 11 కోట్లకు పైగా పిల్లలకి స్కూలంటే మధ్యాహ్న భోజనం కూడా. సుప్రీంకోర్టు లాక్‌డౌన్‌కి ముందే, మార్చి 18న, దీన్ని తనంతట తానే పట్టించుకుని రాష్ట్రాలకి నోటీసులిచ్చింది. ఆంధ్రాలో గోరుముద్ద కింద బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్ళకి పంపారు. మంచి పనే. కానీ బడిలో వండిన గుడ్డు ఆ పిల్లాడి నోట్లోకే వెళ్తుంది. ఇంటికొచ్చిన గుడ్డు ఇంటిల్లిపాదిదీ అవుతుంది.

ఇంటిల్లిపాది అన్నప్పుడు ఇంకో విషయం. ఇంత సేపూ నేను 'ఇల్లు' అంటున్నాను, ఇల్లంతా ఒకేలా తింటుందన్నట్టు. అలా ఉండదని మనందరికీ తెలుసు. ముందు మగవాళ్ళు, తర్వాత పిల్లలు, ఆఖర్న గిన్నెలో మిగిలింది అమ్మ తింటుంది. మామూలు రోజుల్లో అది అలవాటులా కనిపిస్తుంది, ఎందుకంటే గిన్నెలో ఏదో ఒకటి మిగుల్తుంది. కూర సగం వండిన రోజు మిగిలేది అడుగు మాత్రమే. 2019 నుంచి 2021 వరకు చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత దేశంలో 57 శాతం, తెలంగాణలో 57.6, ఆంధ్రాలో 58.8. ఇది కరోనా వల్ల వచ్చింది అని నేను అనట్లేదు, అంతకుముందూ సగం మంది పైనే ఉన్నారు. నేననేది, లాక్‌డౌన్ దెబ్బ పడింది ఇలాంటి ఒంటి మీద అని. పైగా ఆ ఆడమనిషి ఇంటి పని జీతం కూడా పోయింది. తన సంపాదన లేనప్పుడు 'నాకు కూడా ఒక గుడ్డు' అని అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

కొందరు అడుగుతారు, 'బ్రో, లాక్‌డౌన్ ఎత్తేశాక అంతా నార్మల్ అయిపోయింది కదా' అని. పని తిరిగొచ్చింది, నిజమే. కానీ అప్పు కూడా మిగిలింది. మన లెక్కలో మూడు నెలల అద్దె బాకీ 12 వేలు, కిరాణా పాత బాకీ, గిరిగిరి వడ్డీ. జూన్‌లో మళ్ళీ 16 వేలు రావడం మొదలైనా నెలకి మిగిలేది ఆ 700 మాత్రమే. దాంతో ఆ బాకీలన్నీ తీరడానికి ఏళ్ళు పడుతుంది. లేదా తొందరగా తీర్చాలంటే మళ్ళీ ఆ 6,500 కిరాణా లైన్‌లో కోత పెట్టాలి. 2021కి వచ్చేసరికి వంట నూనె ధర కూడా బాగా పెరిగింది, సెకండ్ వేవ్ వచ్చింది, ఆసుపత్రి ఖర్చులు తోడయ్యాయి. కేంద్రం కూడా ఉచిత రేషన్‌ని 2021 మేలో మళ్ళీ మొదలుపెట్టి 2022 డిసెంబర్ దాకా కొనసాగించింది. లాక్‌డౌన్ ఎత్తేయగానే ఆకలి తీరిపోలేదని ప్రభుత్వానికీ తెలుసన్నమాట.

ఇప్పుడు ఎక్కడున్నాం? 2021 జూన్ 29న సుప్రీంకోర్టు, జూలై 31 లోపు అన్ని రాష్ట్రాలూ వన్ నేషన్ వన్ రేషన్ కార్డు అమలు చేయాలంది. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా పూర్తయింది. ఈ ఒక్క బగ్ ఫిక్స్ అయింది, కరోనా వల్లే స్పీడ్‌గా ఫిక్స్ అయింది. తెలంగాణలో 2025 నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, కొత్త కార్డులు కూడా ఇచ్చారు. పప్పు, నూనె మాత్రం ఇంకా మన జేబు నుంచే. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, ఇప్పుడు 2027 అంటున్నారు. అంటే కేంద్రం కోటా ఈ రోజుకీ 2011 నాటి తలల లెక్క మీదే నడుస్తోంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇంటర్‌కి దగ్గర పడుతున్నారు.

ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో పనిచేసే అక్కనో, మీ వాచ్‌మన్ అన్ననో అడగండి, కార్డు ఎక్కడుంది, అందులో పిల్లల పేర్లున్నాయా అని. వేరే ఊరి కార్డయితే దగ్గర్లోని ఏ రేషన్ షాపులోనైనా ఆధార్ లింక్ అయిన కార్డు నంబర్ చెప్పి, వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. చాలా మందికి ఇది ఇప్పటికీ తెలీదు. డీలర్ ఇవ్వనంటే ఏమని అన్నాడో కింద కామెంట్‌లో రాయండి. కిరాణా షాపు నడిపేవాళ్ళు ఎవరైనా చూస్తుంటే, 2020 ఖాతా పుస్తకంలో ఎంత వసూలైంది, ఎంత రాలేదు, అది కూడా రాయండి. మా బాబాయ్‌వి ఇంకా రెండు పేజీలు మిగిలున్నాయట.

వచ్చే వారం ఉపాధి హామీ కూలి డబ్బులు ఖాతాలో పడటానికి ఎందుకు అంత లేటవుతుందో చూద్దాం. ఉంటాను.